పగులు వైపు తిరిగే పూలు

రేకుల గది, సున్నపురాతి బయలు పక్కన
ఫిబ్రవరి 11

పిన్నీ,

మోకాలి నొప్పి తగ్గిందా, లేక ఇంకా మెట్లను తిట్టుకుంటూనే రెండో అంతస్తు ఎక్కుతున్నావా? ఇక్కడ ఫోను పలకదు. పలికినా మొక్కను ఫోనులో పంపలేను కదా. అందుకే ఈ ఉత్తరం, దాంతోపాటు అట్టల మధ్య నొక్కిన రెండు మొక్కలు.

ముందు చోటు సంగతి చెప్తాను. క్వారీ వాళ్ళు కొత్తగా తవ్వబోయే నేల నలభై ఎకరాలు. చుట్టూ పొదలు, చెట్లు. మధ్యలో మాత్రం బట్టతలలా తెల్లటి సున్నపురాయి. దాని మీద బెత్తెడు మట్టి కూడా లేదు. నిలబడి చూస్తే అక్కడేమీ లేదనిపిస్తుంది. మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే అరచేతిలో ఇమిడే మొక్కలు ఎన్నో రకాలు. వాటన్నిటినీ గుర్తుపట్టి జాబితా రాయడం నా పని. జూన్ ఆఖరుకి నివేదిక ఇవ్వాలి. జులైలో మందు పెట్టి పేలుస్తారు. అరుదైన మొక్క ఒక్కటి తేలినా పేల్చడానికి వీల్లేదు. తేలకూడదనే కాబోలు, మేనేజరు నాకు రోజుకు నాలుగుసార్లు టీ పంపిస్తున్నాడు.

ఇప్పటికి నూట నలభై మొక్కల పేర్లు రాశాను. ఒక్కటి మాత్రం లొంగడం లేదు.

బయలు నడుమ ఒక పగులు ఉంది. మనిషి ఒత్తిగిలి దిగేంత వెడల్పు. వంగి చూస్తే అడుగు కనిపించదు. మిట్టమధ్యాహ్నం బండ మీద కాలు మోపలేనంత ఎండలో కూడా అందులోంచి చల్లటి గాలి వస్తూ ఉంటుంది. చేయి పెడితే ఎవరో ముఖం దగ్గరగా పెట్టి ఊపిరి వదిలినట్టు ఉంటుంది. ఈ మొక్క ఆ పగులు అంచునే మొలిచింది, ఇంకెక్కడా లేదు. ఆకులు నేలకు అంటుకుని నాలుకల్లా మందంగా ఉన్నాయి. కాడ వేలెడు. పువ్వు తెలుపు, లోపల ఊదా ఈనెలు. వింత ఏమిటంటే, పూలన్నీ ఎండ వైపు కాక పగులు వైపు తిరిగి ఉన్నాయి. పొద్దున చూశాను, మధ్యాహ్నం చూశాను, పొద్దు వాలాక చూశాను. అటే. లోపలి నుంచి ఎవరో కథ చెప్తుంటే మెడలు చాచి వింటున్నట్టు.

మందు పెట్టే మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా రాళ్ళు పేలుస్తున్న మనిషి. పగులు దగ్గరికి మాత్రం రాడు. భయమా అని అడిగాను.

"భయమెందుకమ్మా. రాయి ఊపిరి పీలుస్తుంటే దాని ముక్కు మీద నిలబడటం మర్యాద కాదని" అన్నాడు.

పేరు చెప్పు పిన్నీ. నీకు తెలియని పువ్వు భూమ్మీద లేదని అమ్మ అంటుంది.

నీ
పిచ్చుక

&nbsp;

ఎండు మొక్కల భవనం, రెండో అంతస్తు
ఫిబ్రవరి 24

ఒసే పిచ్చుకా,

మోకాలు నాకంటే ముందే రిటైరైంది. నేనింకా రెండేళ్ళు దాన్ని లాక్కుంటూ రావాలి.

నీ అట్టల కట్ట భద్రంగా చేరింది. కుట్టు మాస్టారు విప్పాడు. చిన్నప్పుడు నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడల్లా రంగుదారం ఉండలు ఇచ్చేవాడే, ఆయన. ఎండిన మొక్కల్ని దళసరి కాగితాల మీద కుట్టడంలో ఆయన చేయి ఇంకా అలాగే ఉంది. "చిన్నమ్మాయిగారు బాగా నొక్కారు, ఒక్క రేకు మడత పడలేదు" అని మెచ్చుకున్నాడు. ఆయన మెప్పు సంపాదించడానికి నాకు పదేళ్ళు పట్టింది, నీకు రెండు మొక్కలు సరిపోయాయి.

ఇక నీ పువ్వు. దాని కోసం అంత తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. అది గోడపువ్వు. పాత గోడల సున్నంలో మొలుస్తుంది, సున్నపురాతి మీదా మొలుస్తుంది. ఐదు రేకులు, మందపాటి ఆకు, అంతా సరిపోయింది. పగులులోంచి వచ్చే గాలికి అటు వంగి ఉంటుంది, అందులో వింత లేదు. నూట నలభై ఒకటో అంకె వేసి గోడపువ్వు అని రాసి, జాబితా ముగించు.

ఇంకో మాట. ఆ పగులు దగ్గరకు పోకు. నేనెప్పుడూ ఆ వైపుకు రాలేదు గానీ, సున్నపురాతి నేలల సంగతి నాకు తెలుసు. పైకి ఇనుములా ఉంటుంది, కింద డొల్ల. పని త్వరగా తెముల్చుకుని వచ్చెయ్. మీ అమ్మ నీ మీద బెంగ పెట్టుకుంది, నాకు ఫోన్ల మీద ఫోన్లు.

మీ
పిన్ని

&nbsp;

రేకుల గది
మార్చి 15

పిన్నీ,

ముందు రేకులు లెక్కపెట్టు, తరవాత ఆలోచించు. ఇది నువ్వు నాకు ఏడేళ్ళ వయసులో నేర్పిన పాఠం. నేను పంపిన రెండు పువ్వులకీ ఆరేసి రేకులు. గోడపువ్వుకి ఐదు. గోడపువ్వు గింజ గుండ్రం, దీని గింజ మూడు పలకలు. నువ్వు పొరపడ్డావంటే నాకు నమ్మకం కలగడం లేదు. కళ్ళజోడు మార్చాలేమో చూపించుకో.

ఇంకొకటి చెప్పాలి. నవ్వకు.

మొన్న మధ్యాహ్నం పగులు పక్కన కూర్చుని ఎన్ని మొక్కలున్నాయో లెక్కపెడుతున్నాను. ఒక్కదాన్నే ఉన్నప్పుడు గట్టిగా లెక్కపెట్టడం నా అలవాటు. పదకొండు అన్నాను. తరవాతి మొక్క దగ్గరికి జరిగేలోపు పగులులోంచి "పన్నెండు" అని వినిపించింది.

గాలి అనుకున్నాను. మళ్ళీ మొదలుపెట్టి ఏడు దగ్గర ఆగాను. కాసేపు ఏమీ లేదు. తరవాత మెల్లగా, చాలా దూరం నుంచి, "ఎనిమిది." ఓపికగా. నాతో కలిసి పనిచేస్తున్న మనిషిలాగా.

మేస్త్రీకి చెప్పాను. "ప్రతిధ్వని అయ్యుంటుందమ్మా" అన్నాడు. అని, తనే కాసేపు ఆలోచించి, "ప్రతిధ్వని అన్నమాటే తిరిగి చెప్తుంది గానీ, తరవాతి అంకె చెప్పదు కదా" అన్నాడు. ఆ పూట మా ఇద్దరికీ అన్నం సహించలేదు.

ఎండదెబ్బ అని నువ్వంటావు. నేనూ అదే అనుకుని రెండు రోజులు గదిలో పడుకున్నాను. మూడో రోజు వెళ్ళేసరికి బయలుకి తూర్పున, రెండువందల అడుగుల దూరంలో, ఈ మొక్కల గుంపు ఇంకొకటి కనిపించింది. అక్కడ పోయిన వారం ఏమీ లేదు. నా నోటుబుక్కులో "ఖాళీ రాయి" అని రాసి ఉంది. వంగి చూస్తే అక్కడా సన్నటి చీలిక, అందులోంచీ చల్లగాలి.

ఇంకో రెండు మొక్కలు పంపుతున్నాను. ఈసారి రేకులు లెక్కపెట్టు.

పిచ్చుక

&nbsp;

ఎండు మొక్కల భవనం
మార్చి 26

పిచ్చుకా,

ఒకే జాతిలో ఐదు రేకులూ, ఆరు రేకులూ రెండూ కనిపిస్తుంటాయి. పెద్దదాన్ని చెప్తుంటే వినాలి. గోడపువ్వు అని రాయి.

ఎండలో ఒంటరిగా తిరిగితే అంకెలేమిటి, పాటలు కూడా వినిపిస్తాయి. తలకు గుడ్డ కట్టుకో. నీళ్ళు తాగు.

నివేదికకు జూన్ దాకా ఆగనక్కర్లేదు. ఇప్పుడే ఇచ్చేసి వచ్చెయ్.

ఆ గొంతు మగగొంతా, ఆడగొంతా? ఊరికే అడుగుతున్నాను.

పిన్ని

&nbsp;

రేకుల గది
ఏప్రిల్ 19

పిన్నీ,

ఆడగొంతు.

నీ ఉత్తరంలో మిగతాదంతా కోపం, ఆ ఒక్క వాక్యమే నువ్వు. అందుకే ముందు దానికి జవాబు రాశాను.

ఇక్కడ రెండు నెలలుగా చినుకు లేదు. బయలు మీద మిగతా మొక్కలన్నీ మాడి బూడిదయ్యాయి. ఈ ఒక్కటే పూస్తోంది. గుంపులు ఇప్పుడు ఐదు. మ్యాపు మీద చుక్కలు పెట్టి స్కేలు ఆన్చాను, ఐదూ ఒకే గీత మీద ఉన్నాయి. పగులు దగ్గర మొదలై, తూర్పుకు, మూతపడిన పాత రైల్వే స్టేషన్ వైపు పోతోంది ఆ గీత. వారం వారం ఒక అడుగు వేస్తున్నట్టు. ఫిబ్రవరిలో నొక్కిపెట్టిన పూలకు ఇప్పటికీ రంగు చెదరలేదు. ఎండిన పువ్వు రంగు పోగొట్టుకోకపోవడం నేనెక్కడా చూడలేదు.

ఇదంతా ఒక ఎత్తు. నీ దగ్గర్నుంచి ఖాళీ అట్టలు తిరిగొచ్చాయి. వాటి మధ్య కుట్టు మాస్టారు పెట్టిన చీటీ ఒకటుంది. నీకు తెలిసి పెట్టాడో లేదో. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"చిన్నమ్మాయిగారికి. మీరు పంపిన పువ్వు లాంటిదే మూల బీరువాలో అడుగు అరలో, పేరు తేలని మొక్కల కట్టలో ఒకటి దొరికింది. నేను ఉద్యోగంలో చేరకముందుది. దాని మీద చీటీ మా అక్క చేతిరాత. మా అక్క, మీ పిన్నిగారు కలిసి చదువుకున్నారు. మనిషి పొడుగ్గా, నిటారుగా ఉండేదని అందరూ కొలబద్ద అనేవాళ్ళు. ఎవరితోనో ఓడెక్కి దేశం విడిచి వెళ్ళిపోయి ముప్పై మూడేళ్ళయింది. వెళ్ళాక మా అమ్మకు ఒక్క ఉత్తరం రాసింది, అంతే. చీటీ మీద మీరిప్పుడు ఉన్న చోటి పేరే ఉంది. సేకరించినది అక్క అనీ, తోడు వెళ్ళినది మీ పిన్నిగారు అనీ ఉంది. ఆవిణ్ణి అడిగితే గుర్తులేదన్నారు, పని ఒత్తిడి. మీకు పనికొస్తుందని రాశాను. అక్క రాత చూసి చాలా కాలమైంది, కాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను."

పిన్నీ, నువ్వు ఈ వైపుకు ఎప్పుడూ రాలేదని రాశావు.

నేను ఎదురుచూస్తూ ఉంటాను.

&nbsp;

ఇంటి నుంచి
మే 12

పిచ్చుకా,

ఆఫీసు బల్ల మీద ఇది రాయలేకపోయాను. పది అడుగుల దూరంలో ఆయన కుడుతూ ఉంటాడు. సెలవు పెట్టి ఇంటికొచ్చి రాస్తున్నాను. మూడు వారాలుగా రాసి చించుతున్నాను. ఇది చించను.

నేను అక్కడికి వచ్చాను. కొలబద్దతో కలిసి వచ్చాను. మా ఇద్దరికీ ఇరవై అయిదేళ్ళు. ఎండు మొక్కల భవనంలో ఉద్యోగం ఖాళీ ఒక్కటే, దానికి పోటీ మేమిద్దరమే. అయినా ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం, ఒకే పళ్ళెంలో తినేవాళ్ళం. అది నాకంటే తెలివైనది. నేను గంట చూసి గుర్తుపట్టే మొక్కను అది నడుస్తూ నడుస్తూ పేరు పెట్టి పిలిచేది. ఆ ఉద్యోగం దానిదేనని నాకు తెలుసు, దానికీ తెలుసు. అది మాత్రం "మనిద్దర్లో ఎవరికొచ్చినా ఒకటేనే" అంటుండేది. గెలిచేవాళ్ళకు అలా అనడం తేలిక.

ఆ రోజు పొద్దున ఆ పువ్వును ముందు చూసింది అదే. ఒకటి కోసి, అట్టల మధ్య పెట్టి, చీటీ రాసింది. "ఇది ఎవరూ చూడని పువ్వే. దీంతో నా ఉద్యోగం ఖాయం" అంది. పొరపాటున 'నా' అంది. 'మన' అనాల్సింది.

పగులు లోపలి అంచున ఇంకా పూలున్నాయని, చూడాలని దిగింది. ఒక చేయి నేను పట్టుకున్నాను. కావాలని వదిలేశానని అనుకోకు. చేయి చెమటకు జారింది. అంతవరకు నా తప్పు లేదు. అది కింద పడింది. కాసేపటికి కేక వేసింది. "కాలు బాగానే ఉంది, టార్చి కూడా పగల్లేదు. నువ్వు వెళ్ళి తాడు పట్టుకొచ్చెయ్. ఇక్కడ కూడా పూలున్నాయి. భయం వేయకుండా ఇవి లెక్కపెడుతూ ఉంటాను. నువ్వు వచ్చేదాకా ఆపను." అని మొదలుపెట్టింది. ఒకటి, రెండు.

నేను బయల్దేరాను. ఊరు ఉత్తరాన గంట నడక. దారి చీలే చోట సైకిలు మీద ఒకాయన ఎదురొచ్చాడు. "ఏమ్మా, అలా పరుగెడుతున్నావు?" అన్నాడు. మా స్నేహితురాలు పడిపోయింది, తాడు కావాలి, అని చెప్పాలి. నోరు తెరిచాను. "స్టేషన్‌కి దారెటండీ?" అని అడిగాను.

ఎందుకు అడిగానో ముప్పై మూడేళ్ళుగా ఆలోచిస్తున్నాను. ఆ మాట నేను ఆలోచించి అనలేదు. కానీ అన్నాక వెనక్కి తీసుకోలేదు. స్టేషన్‌లో ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద నాలుగు గంటలు కూర్చున్నాను. మనిషి అన్నవాడు లేడు. కూర్చున్నంతసేపూ చెవుల్లో ఆ లెక్క వినిపిస్తూనే ఉంది. భయంతో అలా అనిపిస్తోందనుకున్నాను. ఆరింటికి రైలు వచ్చింది. ఎక్కాను.

తరవాత అబద్ధాలు వాటంతట అవే పుట్టుకొచ్చాయి. వేరే ఊరు వెళ్ళామన్నాను. దారిలో ఎవరితోనో దిగిపోయిందన్నాను. వాళ్ళమ్మ పోలీసుల దగ్గరికి వెళ్తానంటే భయమేసి, దాని చేతిరాత నకలు చేసి ఒక ఉత్తరం రాశాను. ఓడెక్కి దేశం విడిచి వెళ్తున్నాను, క్షేమంగా ఉన్నాను, వెతకొద్దు అని. ఆ తల్లి అది దిండు కింద పెట్టుకుని పోయింది. ఉద్యోగం నాకొచ్చింది. దాని తమ్ముడికి పని కావాలంటే నేనే ఇప్పించాను. రోజూ ఆయన మొహం చూడటమే నాకు శిక్ష అనుకున్నాను. శిక్ష నేనే వేసుకుంటే అది శిక్ష అవుతుందా?

ఆ మొక్కను పారేయలేకపోయాను. ఎండు మొక్కను చించడం మా వృత్తిలో పాపం. నా సంగతి చూడు, దేన్ని పాపమనుకున్నానో.

పిన్ని

&nbsp;

రేకుల గది
మే 24

మీరు అని రాయాలో నువ్వు అని రాయాలో తెలియక మూడు రోజులు ఆగాను.

గోడపువ్వు అని ఎందుకు రాశావో ఇప్పుడు తెలిసింది. నేను ఆ మాట నివేదికలో రాసి ఉంటే జులైలో ఆ పగులు మీద మందు పేలేది. కొండంత రాయి ఆవిడ మీద కూలేది. నా చేత్తో చేయించబోయావు. అది నేను మరిచిపోలేను.

నాకు చెప్తే సరిపోదు. రెండు పనులు చెయ్యి. ఆ పువ్వు ఏమిటో ఆఫీసు కాగితం మీద నిజం రాసి, సంతకం పెట్టి పంపు. ఆయనకు నీ నోటితో చెప్పు. ఉత్తరం రాయకు. ఆ కుటుంబానికి నువ్వు ఒక ఉత్తరం రాశావు, చాలు.

మొన్న పగులు దగ్గరికి వెళ్ళాను. లెక్కపెట్టలేదు. "నేను మీ స్నేహితురాలి అక్క కూతుర్ని" అన్నాను. గాలి కాసేపు ఆగిపోయింది. తరవాత మళ్ళీ మొదలైంది, మామూలుగానే.

&nbsp;

ఎండు మొక్కల భవనం
జూన్ 9

పిచ్చుకా,

ఆఫీసు కాగితం దీంతోపాటే ఉంది. ఆరు రేకులు, మూడు పలకల గింజ, ఆకు కొసన చిన్న గంటు. ఇంతవరకు ఏ పుస్తకంలోనూ నమోదు కాని జాతి అనీ, సున్నపురాతి బయలు మీద తప్ప బతకదనీ, ప్రపంచంలో ఉన్నవన్నీ నువ్వు లెక్కపెట్టినవేననీ రాశాను. గుర్తుపట్టడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నువ్వు పంపిన మొదటి కట్ట విప్పినప్పుడే గదంతా తడిరాయి వాసన వచ్చింది.

నిన్న మధ్యాహ్నం మాస్టారికి చెప్పాను. నీ మొక్కనే కుడుతున్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టి ఆపకుండా చెప్పేశాను. ఆయన తలెత్తలేదు. సూది ఆగింది, అంతే. చివరికి అడిగాడు.

"ఎంతదాకా లెక్కపెట్టింది?"

"నేను విన్నంతవరకు నూట పన్నెండు."

"తరవాత?"

"తరవాత నేను దూరం వచ్చేశాను."

సగంలో ఉన్న కుట్టు పూర్తిచేసి, ముడివేసి, దారం కత్తిరించాడు. కత్తెరను దాని సంచిలో పెట్టాడు. "మా అమ్మ ఆ ఉత్తరాన్ని మాతో రోజూ చదివించుకునేది, పిన్నిగారూ. ఆవిడకు చదువు రాదు" అన్నాడు. ఇన్నేళ్ళుగా నిన్ను చిన్నమ్మాయిగారనే పిలుస్తాడు కదా, నన్నూ నీ వరసనే పిన్నిగారు అంటాడు. నిన్న కూడా అలాగే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నీ దగ్గరికి బయల్దేరాడు. ఈ ఉత్తరం కంటే ముందే చేరతాడేమో. ఎండలో తిప్పకు, ఆయనకు తల తిరుగుతుంది.

పిన్ని

&nbsp;

రేకుల గది
జులై 6

పిన్నీ,

పేలుడు ఆగింది. నీ కాగితం చూసి మేనేజరు మొహం మాడ్చుకున్నాడు గానీ, పై నుంచి ఉత్తర్వు వచ్చాక చేసేదేముంది. టీలు మాత్రం ఆగిపోయాయి.

గుహల్లో దిగే మనుషులు నలుగురు, పోలీసులు ఇద్దరు వచ్చారు. ఇన్నాళ్ళూ పగులు దగ్గరికి రాని మేస్త్రీ తాడు పట్టుకోవడానికి ముందుకొచ్చాడు. మాస్టారు అంచున కూర్చున్నారు. మూడు నిలువుల లోతున అడుగు తగిలింది. అక్కడ ఎవరూ లేరు.

అడుగు నుంచి తూర్పుకు ఒక సొరంగం ఉంది. మనిషి వంగి నడిచేంత. దాని గోడ మీద పెన్సిలుతో రాసిన రాతలు కనిపించాయి. ఆవిడ రాతే, మాస్టారు చూడగానే గుర్తుపట్టారు. వేళ వేసి, పక్కన ఏం చూసిందో రాసింది, మనం నోటుబుక్కులో రాసినట్టే. "ఒకటిన్నర. రెండువందల నలభై దగ్గర పూలు అయిపోయాయి. తూర్పు నుంచి గాలి. అది తాడుతో ఊరు నుంచి వచ్చేలోపు ఇటు దారి ఉందేమో చూస్తాను." కొంత దూరం పోయాక, "మూడు. గాలి ఎక్కువైంది. అది వచ్చి నేను కనపడక కంగారు పడుతుందేమో." నేను పైన మ్యాపు మీద గీసిన గీత కిందే ఆ సొరంగం పోతోంది. పూలు మొలిచిన ప్రతిచోటా కింద ఒక రాత ఉంది. అదెలా కుదిరిందో నన్ను అడక్కు.

రెండు మైళ్ళు. సొరంగం పాత స్టేషన్ కింద ముగిసింది. ప్లాట్‌ఫారం చివర, రెండు నిలువుల లోతున ఆవిడ దొరికింది. పైన రాతిపలకల మధ్య చెయ్యి పట్టేంత సందు. ఆ పైనే నువ్వు కూర్చున్న బెంచీ.

అక్కడి గోడ మీద రాసినది నీకు పంపాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. మాస్టారే పంపమన్నారు. "దాచింది చాలమ్మా, మనం కూడా ఎందుకు దాచడం" అన్నారు.

"అయిదూ ఇరవై. టార్చి ఆరిపోయింది. పైన వెలుతురు. బెంచీ. ఎవరో కూర్చున్నారు. దాని చెప్పులే. పిలుస్తున్నాను."

"అయిదున్నర. లేచి వెళ్ళింది. వినపడలేదేమో పాపం."

ఆ తరవాత మాటలేం లేవు. అంకెలే. గోడ కింది దాకా, చిన్న చిన్నగా. అక్కడ పూలు లేవు. దేన్ని లెక్కపెట్టిందో తెలియదు.

ఆవిణ్ణి పైకి తెచ్చిన దగ్గర్నుంచి పగులులోంచి గాలి తప్ప ఏమీ వినపడటం లేదు. పూలు మాత్రం ఇంకా అటే తిరిగి ఉన్నాయి. అది వాటి గుణమేనేమో, నివేదికలో అలాగే రాశాను. మాస్టారు ఇక అక్కడికి తిరిగి రానని చెప్పమన్నారు. దహనం అయ్యాక కూడా ఇక్కడే ఉన్నారు. పొద్దున్నే నాతో బయలు మీదకొచ్చి మొక్కలు లెక్కపెడుతున్నారు. నేను రాసుకుంటున్నాను.

పోలీసులు వచ్చే వారం నీ దగ్గరికి వస్తారు.

పిచ్చుక

&nbsp;

ఇంటి నుంచి
జులై 14

పిచ్చుకా,

పోలీసులు వచ్చేదాకా ఆగడం లేదు. రేపు నేనే వాళ్ళ దగ్గరికి వెళ్తున్నాను. రాజీనామా ఇచ్చేశాను. మీ అమ్మకు చెప్పాను. తనూ తోడు వస్తానంది. వద్దన్నాను.

వాంగ్మూలంలో ఏం చెప్పాలో వరసగా కాగితం మీద రాసుకున్నాను. రాసుకుంటుంటే ఒకచోట చేయి ఆగింది. మే నెలలో నీకు రాసిన ఉత్తరంలో కూడా నేను ఒక అబద్ధం ఆడాను. దాన్ని దిద్దాకే వెళ్ళాలి.

ఆ లెక్క నా చెవుల్లో వినిపించిందని రాశాను, భయం వల్ల అనుకున్నానని రాశాను. చెవుల్లో కాదు. మొదట్లో అనుమానంగా ఉంది. అయిదు గంటలు దాటాక అనుమానం లేదు. కింద నుంచి, నా కాళ్ళ కింద నుంచి, నన్ను పేరు పెట్టి పిలిచింది. ఒకసారి కాదు. చెప్పులకు చల్లగాలి తగిలింది. వంగి పలకల సందులోకి చూస్తే కనిపించేదే.

వినపడలేదేమో పాపం అని రాసింది కదా అది. మాస్టారికి చెప్పు. నాకు వినపడింది. అందుకే లేచాను. ప్లాట్‌ఫారం అవతలి కొసకు వెళ్ళి, రైలు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. అక్కడికి వినపడదు.

పిన్ని